ఎండకా, ఆకలికా?

"ఒరేయ్, నీ సీసాలోవి ఎండకు పోయాయా, ఆకలికి పోయాయా?"

చేపలు పెంచే నా మిత్రుడు ఫోన్లో అడిగిన ఈ ప్రశ్న ఏడాదిగా నన్ను వదల్లేదు. ఆ రోజు తడుముకోకుండా "ఎండకేరా" అన్నాను. ఇవాళ ఎవరైనా అడిగితే అంత తేలిగ్గా అనలేను.

జరిగింది ఇది. డాఫ్నియాలంటే మంచినీటిలో ఈదుతూ బతికే బుల్లి జీవులు. ఒకే తల్లి డాఫ్నియా పిల్లల్ని రెండు గాజు సీసాల్లో వేశాను. మగతోడు లేకుండా ఆ తల్లి ఒక్కతే కన్న పిల్లలు, కాబట్టి వంశంలో తేడా అనే మాటే లేదు. ఒక సీసా కిటికీ పక్కన పెట్టాను, రెండోది గదిలో చల్లటి మూలన. రెండింటికీ రోజూ సాయంత్రం ఒకే చెంచాతో ఒకే కొలత పచ్చనీళ్లు, అంటే వాటి తిండైన శైవలాలు (పాచి) పెరిగిన నీళ్లు. రెండు వారాలు తిరిగేసరికి కిటికీ సీసా కిటకిటలాడిపోయింది. మూలనున్నది నత్తనడక నడుస్తోంది. ఇంకేం, వెచ్చగా ఉంటే బాగా పిల్లలు పెడతాయని మిత్రుడికి ఉత్సాహంగా చెప్పాను. మూడో వారం చివర్లో ఒక ఉదయం చూస్తే కిటికీ సీసాలో కదలిక లేదు. అడుగున తెల్లటి పొట్టు, ఆ పొట్టులో అక్కడక్కడా గుర్రపు జీను ఆకారంలో నల్లటి గుడ్ల పెట్టెలు. చెడ్డకాలం వచ్చినప్పుడు డాఫ్నియాలు పెట్టే నిద్రగుడ్లు అవి. మూల సీసాలోవి మాత్రం ఎప్పటిలాగే ఎగిరెగిరి ఈదుతున్నాయి.

పోయిన నెల రెండు వ్యాసాలు వెంటవెంటనే కంటపడి ఈ సంగతంతా మళ్లీ తిరగదోడాయి. మంచినీటి సరస్సులు వెచ్చబడితే జంతు ప్లవకాలు, అంటే డాఫ్నియాల్లాగా నీటిలో తేలుతూ బతికే చిన్న జీవులు, పెరుగుతాయని ఒకటి, తగ్గుతాయని ఇంకొకటి. రెండింటిలోనూ ఒకే తరహా బొమ్మ: కింద ఏళ్లు, ఒక గీత నీటి వేడికి, ఇంకో గీత లీటరుకు ఎన్ని జీవులో చెప్పడానికి. తిండికి గీత రెండింటిలోనూ లేదు. రెండు వ్యాసాలూ అబద్ధం చెప్పాయని నేననను. ఒకటి నా కిటికీ సీసాను రెండో వారంలో చూసి రాసినట్టుంది, ఇంకొకటి నాలుగో వారంలో చూసి.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. తిండి సంగతి తీసేసి నీటి వేడి గురించి చెప్పే ఏ మాటైనా సగం మాటే. వేడి ఈ జీవుల బతుకు వేగాన్ని పెంచుతుంది, ఆ వేగానికి కావలసిన తిండిని మాత్రం తెచ్చిపెట్టదు. ఆ తిండి అందుతోందో లేదో తలలు లెక్కపెడితే తెలియదు, గుడ్లు లెక్కపెడితే తెలుస్తుంది.

వేడి ఖర్చు పెంచుతుంది

1929లో మెకార్థర్, బెయిలీ అనే ఇద్దరు డాఫ్నియా మాగ్నా అనే జాతిని వేర్వేరు వేడిమిలో పెంచి ఎన్నాళ్లు బతుకుతుందో చూశారు. 8 డిగ్రీల్లో సగటున 108 రోజులు బతికింది. 28 డిగ్రీల్లో 26 రోజులే. వెచ్చటి నీట్లో గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే ఆయుష్షు అంత తగ్గింది. చివరికి జీవితం మొత్తానికి గుండె కొట్టుకున్న సంఖ్య అటూ ఇటూగా ఒకటే. అంటే అదే బతుకును నాలుగో వంతు రోజుల్లో బతికేసిందన్నమాట.

అంత వేగంగా బతకాలంటే తినాలి. నీటి వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ జీవుల శ్వాసక్రియ ఇంచుమించు రెట్టింపవుతుంది. నీటిని వడకట్టి శైవలాలను తినే వేగం కూడా పెరుగుతుంది. కానీ దానికొక మేర ఉంది, అది దాటితే తగ్గడం మొదలవుతుంది. శ్వాస ఖర్చు అక్కడ ఆగదు, ఇంకా పైకి పోతూనే ఉంటుంది. తిండి రాబడికీ శ్వాస ఖర్చుకీ మధ్య మిగిలిన సందులోనే ఒళ్లు పెరగాలి, గుడ్లు పెట్టాలి. పైగా వెచ్చటి నీటిలో ప్రాణవాయువు తక్కువ: 20 డిగ్రీల్లో లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు, 30 డిగ్రీల్లో ఏడున్నర మాత్రమే పట్టుకుంటుంది. ఖర్చు పెరిగే వేళకే చేతిలోది తగ్గుతుంది.

నా రెండు సీసాల ప్రయోగాన్ని నాకు తెలియకుండానే నాకంటే ఎనభై ఏళ్ల ముందు ఒకాయన చేశారని తర్వాత తెలిసింది. ప్రాట్ అనే శాస్త్రవేత్త 1943లో డాఫ్నియా మాగ్నా గుంపుల్ని 18 డిగ్రీల్లో కొన్ని, 25 డిగ్రీల్లో కొన్ని పెంచారు. 18 డిగ్రీల గుంపు పెరిగి, కాస్త తగ్గి, ఒక మట్టాన సర్దుకుంది. 25 డిగ్రీల గుంపు ఎగిసి, కూలి, మళ్లీ ఎగిసింది. వెచ్చటి నీట్లో గుంపు ఒత్తిడికి పుట్టుకలు వెంటనే తగ్గుతాయి, చావులు మాత్రం ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యమే కొంప ముంచుతుంది.

ఆ ఆలస్యం ఎక్కడ దాగి ఉంటుందో భూతద్దంలో కనిపిస్తుంది. బాగా తిన్న డాఫ్నియా ఒంట్లో పసుపు, నారింజ రంగు నూనెబొట్లు మెరుస్తుంటాయి. తిండి తగ్గిన రోజున అది చావదు, గుడ్లు పెట్టడం తగ్గించి ఆ నూనె మీద కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. ఆ కొన్నాళ్లూ పైనుంచి చూసేవాడికి సీసా నిండుగానే కనిపిస్తుంది. నేను మిత్రుడికి ఉత్సాహంగా ఫోన్ చేసిన రోజు సరిగ్గా ఆ నిండుదనమే చూశాను. అప్పటికే లోపల నూనె అయిపోతోంది.

గుడ్ల సంచిలోకి చూడాలి

డాఫ్నియా ఒళ్లు గాజులాంటిది. వీపు దగ్గరున్న సంచిలో గుడ్లు ఎన్నున్నాయో బతికుండగానే లెక్కపెట్టొచ్చు. ఈ సదుపాయాన్ని సరిగ్గా వాడుకున్నవాడు అమెరికా సరస్సుల శాస్త్రవేత్త ఎడ్మండ్‌సన్. 1960లో ఆయన గుడ్ల నిష్పత్తి పద్ధతిని వివరించారు. దాని వెనకున్న గమనిక ఎంత సులువైనదో అంత లోతైనది: గుడ్డు పిల్ల కావడానికి ఎన్ని రోజులు పడుతుందో ప్రధానంగా నీటి వేడి చెబుతుంది, సంచిలో ఎన్ని గుడ్లుంటాయో ప్రధానంగా తల్లి తిన్న తిండి చెబుతుంది. వేడి, తిండి రెండూ కలిసిపోయి కనిపించే చోట ఈ రెండు లెక్కలూ వాటిని విడదీసి చూపిస్తాయి.

లెక్క కోసం 100 డాఫ్నియాలనుకుందాం, వాటి సంచుల్లో కలిపి 40 గుడ్లు. నీరు చల్లగా ఉండి గుడ్డు పిల్ల కావడానికి 8 రోజులు పడితే రోజుకు 5 పిల్లలు. 20 డిగ్రీల దగ్గర సుమారు 3 రోజులు చాలు కాబట్టి అవే 40 గుడ్లు రోజుకు 13 పిల్లలిస్తాయి. ఇక్కడిదాకా వేడిదే గెలుపు. ఇప్పుడు తిండి తగ్గి 40 గుడ్లు కాస్తా 9 అయ్యాయనుకోండి. మూడు రోజులకు తొమ్మిది, అంటే రోజుకు మూడే. చల్లటి నీటిలో పుట్టినన్ని కూడా పుట్టవు. ఆయుష్షు తగ్గింది కాబట్టి చావులు ఎక్కువ. తలల లెక్క మాత్రం ఇంకా 100 దగ్గరే ఉంటుంది, గీత బొమ్మలో ఏ తేడా కనబడదు.

గుడ్లు లెక్కపెట్టడం చెప్పినంత తేలిక కాదని ఒప్పుకోవాలి. మొదటిసారి నేను కొన్ని డాఫ్నియాలను ఫార్మలిన్‌లో భద్రం చేసి మర్నాడు చూస్తే, పైపెంకులు ఉబ్బి, గుడ్లన్నీ సంచుల్లోంచి జారి సీసా అడుగున పడున్నాయి. ఏ గుడ్డు ఎవరిదో తేల్చే దారే లేదు. ఫార్మలిన్‌లో చక్కెర కలిపితే ఉబ్బడం ఆగుతుందని హేనీ, హాల్ 1973లోనే రాశారని తర్వాత చదివాను. చక్కెర కలిపి చూశాను, గుడ్లు సంచుల్లోనే నిలిచాయి. ఇంత చిన్న జాగ్రత్త తీసుకోనందుకు ఎన్ని పాత నమూనాల్లో గుడ్ల లెక్క పోయి ఉంటుందో అని ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పచ్చగా ఉన్నదంతా తిండి కాదు

ఇక్కడ నాకు నేనే ఒక ఎదురు ప్రశ్న వేసుకున్నాను. నీరు వెచ్చబడితే శైవలాలు కూడా వేగంగా పెరుగుతాయి కదా, ఖర్చుతోపాటు ఆదాయమూ పెరిగినట్టే కదా? చాలా రోజులు ఈ ప్రశ్నకు జవాబు దొరక్క నా వాదన తప్పేమో అనుకున్నాను.

చిక్కంతా ఏ శైవలం పెరుగుతుందన్న దగ్గర ఉంది. సరస్సులో పై నీరు వేడెక్కితే తేలికై, కింది చల్లటి నీటితో కలవడం మానేస్తుంది. అడుగునుంచి పైకి రావలసిన భాస్వరం అక్కడే ఆగిపోతుంది. ఎండ బాగా తగులుతూ భాస్వరం చాలని చోట శైవలాలు కర్బనాన్ని పోగేసుకుంటాయి గానీ వాటిలో భాస్వరం పలచబడిపోతుంది. డాఫ్నియా ఒంటికేమో భాస్వరం ఎక్కువ కావాలి. కడుపు నిండినా ఒళ్లు పెరగదు.

నీలి ఆకుపచ్చ శైవలాల సంగతి ఇంకా కష్టం. 25 డిగ్రీలు దాటిన నిశ్చలమైన నీరు వాటికి పండగ. వాటిలో డాఫ్నియాకు కావలసిన స్టెరాల్స్ అనే కొవ్వులాంటి పదార్థాలు ఉండవు, డయాటమ్లనే గాజు పెంకుల శైవలాల్లో దండిగా దొరికే పొడవాటి ఒమేగా 3 కొవ్వు ఆమ్లాలు ఉండవు. కొన్ని విషం కూడా తయారుచేస్తాయి. దారాల్లా పెరిగేవైతే వడపోత కాళ్లలో చిక్కుకుంటాయి. వాటిని దులిపి పారేసే క్రమంలో పట్టిన మంచి తిండి కూడా చేజారుతుంది, ఒంట్లో శక్తి ఖర్చవుతుంది.

ఈ దారాల గురించి నాకు చాలా నచ్చిన పరిశోధన ఒకటుంది. తిన్నదీ ఖర్చయిందీ సరికి సరిపోయి, ఒళ్లు పెరగకా తరగకా నిలిచే తిండి మట్టం ఒకటి ప్రతి జాతికీ ఉంటుంది. పోలండ్‌కు చెందిన గ్లివిచ్ 1990లో చూపించింది ఏమిటంటే, పెద్ద జాతులకు ఆ మట్టం తక్కువ. కరువొస్తే పెద్దవే నెగ్గుతాయన్నమాట. అదే ఏడాది ఆయనే జర్మనీ శాస్త్రవేత్త లాంపర్ట్‌తో కలిసి నీలి ఆకుపచ్చ దారాలను నీటిలో కలిపి చూశారు. లెక్క తిరగబడింది. దారాలున్న నీటిలో పెద్ద జాతులకే ఎక్కువ తిండి కావలసి వచ్చింది, చిన్నవి తట్టుకున్నాయి. వెచ్చటి నీళ్లలో చిన్న జాతులే ఎందుకు ఏలుతాయన్న ప్రశ్నకు ఇదొక్కటే జవాబు కాదు, కానీ ఎండను మాత్రమే చూస్తే ఈ జవాబు అసలు కనబడదు.

వాషింగ్టన్ సరస్సు చెప్పే కథ

ఎడ్మండ్‌సన్ జీవితమంతా గమనించిన సరస్సు అమెరికాలోని సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సు. మురుగునీరు చేరి ఆ సరస్సు నీలి ఆకుపచ్చ దారాలతో నిండిపోయింది. 1963లో మురుగును మళ్లించడం మొదలుపెట్టి 1968కి పూర్తి చేశారు. నీరు తేరుకుంది. అయినా డాఫ్నియాలు గుంపులుగా వచ్చింది 1976లో. మధ్యలో ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది? ఆసిలటోరియా అనే ఆ నీలి ఆకుపచ్చ దారాలు తగ్గడానికి అంతకాలం పట్టింది. డాఫ్నియాలను తినే నియోమైసిస్ అనే రొయ్యలాంటి జీవి అప్పటికే స్మెల్ట్ చేపల నోట పడి తగ్గిపోయింది. తినేవాడు తగ్గి, గొంతుకు అడ్డం పడేది కూడా పోయాకే డాఫ్నియా నిలదొక్కుకుంది.

ఇదే సరస్సు మీద విండర్, షిండ్లర్ 2004లో ప్రచురించిన పరిశోధన చదివితే కథ రెండో భాగం తెలుస్తుంది. 1962 తర్వాత నాలుగు దశాబ్దాల్లో వసంతకాలపు నీరు త్వరగా వెచ్చబడటం మొదలైంది. దాంతోపాటు డయాటమ్లు విరగబూసే రోజులు 20 రోజులకు పైగా ముందుకు జరిగాయి. చిన్నదైన కెరటెల్లా అనే రోటిఫర్ (ఇదీ ఒక సూక్ష్మ జంతు ప్లవకమే) వాటితోపాటు తానూ ముందుకు జరిగింది. డాఫ్నియా జరగలేదు. అది కళ్లు తెరిచే వేళకు మంచి తిండి అప్పటికే వచ్చి వెళ్లిపోతోంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సందు పెరిగింది, డాఫ్నియా గుంపు తగ్గింది.

ఇక్కడ డాఫ్నియాను ఎండ చంపలేదు. ఆ సరస్సు వెచ్చదనం దానికి ప్రాణాంతకం కానే కాదు. విస్తరి వేసే వేళ మారింది. మిత్రుడు అడిగిన ప్రశ్నకు "ఎండ తెచ్చిన ఆకలికి" అనే మూడో జవాబు ఉందని నాకు తెలిసింది ఇది చదివాకే.

నన్ను ఇబ్బంది పెట్టే సంగతులు

రష్యాలోని బైకాల్ సరస్సు నా వాదనకు గట్టి పరీక్ష. కోజోవ్, ఆయన కూతురు కోజోవా, మనవరాలు ఇజ్‌మెస్తేవా, మూడు తరాలుగా ఆ సరస్సు నీటిని కొలుస్తూ వచ్చారు. చలికాలంలో మంచుకు కన్నం పెట్టి మరీ నమూనాలు తీశారు. ఆ లెక్కలు 2008లో వెలువడ్డాయి. 1946 నుంచి పై నీరు 1.21 డిగ్రీలు వెచ్చబడింది, డాఫ్నియా కోవకు చెందిన జీవులు 335 శాతం పెరిగాయి. వేడి పెరిగింది, ప్లవకాలు పెరిగాయి, ఇక వాదనెందుకు అనొచ్చు. కానీ అదే లెక్కల్లో ఇంకో అంకె ఉంది: 1979 నుంచి నీటిలో శైవలాలెంత ఉన్నాయో చెప్పే పత్రహరితం 300 శాతం పెరిగింది. తిండి కూడా పెరిగింది. పైగా అంత చల్లటి సరస్సులో ఈ జీవులు వేడి చాలక ఆగినవి, 1.21 డిగ్రీలు వాటికి ఊరట. వెచ్చటి సరస్సులో అదే 1.21 డిగ్రీలు ఏం చేస్తాయో బైకాల్ చెప్పలేదు.

చేపల సంగతి తీసేయడానికి లేదు. 1965లో బ్రూక్స్, డాడ్‌సన్ కనెక్టికట్ లోని క్రిస్టల్ సరస్సులో 1942 నాటి ప్లవకాలను 1964 నాటి వాటితో పోల్చి చూపించారు. మధ్యలో అలోసా జాతి చేపలు వచ్చి చేరాయి. పెద్ద ప్లవకాలు మాయమై, చిన్నవి మిగిలాయి. ఎండా కాదు, ఆకలీ కాదు, నోళ్లు. ఇది చదివినప్పుడు నా ప్రశ్నే తప్పేమో అనిపించింది. తర్వాత ఆలోచిస్తే ఇది కూడా గుడ్ల వైపే చూపింది. తలలు తక్కువై, ఉన్నవాటి సంచుల నిండా గుడ్లుంటే ఎవరో తింటున్నారని అర్థం. తలలు తక్కువై, సంచులు కూడా ఖాళీగా ఉంటే ఆకలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది: గుడ్లున్న తల్లి డాఫ్నియా చేప కంటికి త్వరగా కనబడుతుంది కాబట్టి చేప దాన్నే ముందు తింటుంది, నిష్పత్తి తప్పుతుంది. ఆ మెలికను ఎలా విప్పాలో నాకు తోచలేదు.

ఇవి మారలేవా అనే ప్రశ్న కూడా ఉంది. మారగలవు. ఇంగ్లండ్‌లోని ఫెల్‌బ్రిగ్ హాల్ సరస్సు అడుగు మట్టి పొరల్లోంచి దశాబ్దాల నాటి నిద్రగుడ్లను తీసి పొదిగించి చూశారు. 1995-2005 నాటి డాఫ్నియాలు 1955-1965 నాటి వాటికంటే ఎక్కువ వేడిని తట్టుకున్నాయి. కాన్‌స్టన్స్ సరస్సులో డాఫ్నియాలు నీలి ఆకుపచ్చ శైవలాల విషాన్ని తట్టుకోవడం కొద్ది దశాబ్దాల్లోనే నేర్చుకున్నాయని కూడా నిద్రగుడ్లే సాక్ష్యం చెప్పాయి. ఇవి చదివితే సంతోషంగానే ఉంటుంది. కానీ తట్టుకోవడం వేరు, పొట్ట నిండటం వేరు. లేని కొవ్వు ఆమ్లాన్ని ఏ తరమూ పుట్టించుకోలేదు.

వేడి ముఖ్యమా తిండి ముఖ్యమా అని ఆ జీవినే అడిగిన ప్రయోగం ఒకటుంది. జర్మనీలో ప్లోన్ అనే ఊళ్లోని పరిశోధన సంస్థలో ప్లవకాల కోసం కట్టిన పెద్ద నీటి గోపురాలుండేవి. లాంపర్ట్, మరో ఇద్దరు కలిసి ఆ గోపురాల్లో పైన వెచ్చటి నీరు, కింద చల్లటి నీరు ఉంచి, శైవలాలను కింద మాత్రమే పెట్టారు. పైన వెచ్చదనం ఉంది, తిండి లేదు. కింద తిండి ఉంది, చలి. డాఫ్నియాలన్నీ పైకీ పోలేదు, అన్నీ కిందికీ పోలేదు. పై నీటికీ కింది నీటికీ తేడా 10 డిగ్రీలుంటే కిందికి దిగినవి తక్కువ, 5 అయితే ఇంకొన్ని, 2 డిగ్రీలే అయితే ఎక్కువ. రెండింటినీ ఒకే త్రాసులో వేసి తూచుకున్నాయి. మనం గీత బొమ్మల్లో విడదీసినదాన్ని అవి ఎన్నడూ విడదీయలేదు.

రెండో విడత

ఈసారి కిటికీ సీసాకు మూడు చెంచాలు, మూల సీసాకు ఒకటి పోస్తున్నాను. అయిదో వారం నడుస్తోంది, రెండూ బతికే ఉన్నాయి. నిన్న సాయంత్రం కిటికీ సీసా మళ్లీ కిటకిటలాడుతుంటే పది తల్లుల్ని గొట్టంతో తీసి భూతద్దం కింద పెట్టాను. ఏడింటి సంచులు ఖాళీ. రెండింటిలో ఒక్కో గుడ్డు, ఒకదానిలో మూడు. నూనెబొట్లు కనబడినవి నాలుగే.

అంతలో మిత్రుడి ఫోన్. "ఎలా ఉన్నాయిరా?"

"పైనుంచి చూస్తే నిండుగా ఉన్నాయి" అన్నాను. "గుడ్లు తగ్గాయి."

"మరి ఎండలోంచి తీస్తావా, తిండి పెంచుతావా?"

కాసేపు ఆలోచించి, సగం డాఫ్నియాల్ని ఇంకో సీసాలోకి మార్చి మూలన పెట్టాను. కిటికీ దగ్గర మిగిలిన సగానికి మూడు చెంచాలు అలాగే ఉంచాను. ఆదివారం మళ్లీ పది తల్లుల్ని తీసి చూడాలి.